పల్లె టూర్‌కి బుక్ చేసేముందు ఇవి అడిగేయండి

పల్లెటూళ్లో రెండు రోజులు ఉండి ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, నిజానికి ఆ ఊళ్లో లోపమేమీ ఉండదు, వీళ్లు మనసులో వేసుకెళ్లిన బొమ్మే వేరు. మన తృప్తి దొరికినదాన్ని బట్టే కాదు, ముందు ఎంత ఊహించుకున్నామన్నదాన్ని బట్టి కూడా ఉంటుందని రిచర్డ్ ఆలివర్ అనే పరిశోధకుడు 1980లోనే రాశాడు. అందుకే డబ్బు కట్టకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

మొదట ఫొటోలు. పచ్చటి పొలం చూసి టక్కున బుక్ చేసేస్తాం, కానీ ఆ పచ్చదనం ఏడాదంతా ఉండదు, కోత అయిపోయాక వెళ్తే కొయ్యకాళ్లూ దుమ్మూ కనిపిస్తాయి. "మేం వచ్చే వారంలో పైరు ఏ దశలో ఉంటుంది, నిన్నో ఇవాళో తీసిన ఫొటో ఒకటి పంపగలరా" అని సూటిగా అడగండి. జనాభా కూడా చూసుకోండి, ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో మొదలుపెట్టిన ఉత్తమ పర్యాటక గ్రామాల గుర్తింపుకి 15,000 మంది దాకా ఉన్న ఊళ్లు కూడా అర్హమే, అంత ఊరంటే బళ్ల రద్దీ ఉండొచ్చు.

హాయిగా నిద్రపోదామని వెళ్లేవాళ్లకి ఒక మాట: కోడి వెలుగు రావడానికి దాదాపు రెండు గంటల ముందే కూత మొదలెడుతుంది, ఆ వెనకే ట్రాక్టర్లు. గది రోడ్డు వైపా పెరటి వైపా అడగండి, చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ తీసుకెళ్లండి. నక్షత్రాల కోసం వెళ్తుంటే అమావాస్యకి దగ్గర్లో పెట్టుకోండి, వెన్నెల ఎక్కువుంటే సన్న చుక్కలు కనపడవు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ చూశారా, మళ్లీ మొదటికే.

బాత్రూమ్ గదిలోనా బయటా, నీళ్లు ఎప్పుడొస్తాయి, ఏ సిగ్నల్ అందుతుంది, చివరి బస్సు ఎన్నింటికి, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో అడిగేయండి.

అన్నిటికంటే ఎక్కువ నిరాశ మనుషుల దగ్గరే వస్తుంది. ఇంటివాళ్లు పొలానికి తీసుకెళ్తారు, కూర్చోబెట్టి కబుర్లు చెప్తారు అనుకుంటాం, కానీ కోతలప్పుడో నాట్లప్పుడో వెళ్తే పాపం వాళ్లకి తలెత్తే తీరిక ఉండదు. వాళ్లతో గడపాలన్నదే మీ కోరికైతే ఆ మాట ముందే చెప్పి, ఏ రోజుల్లో వస్తే వీలవుతుందో వాళ్లనే చెప్పమనండి, సెలవు దొరికింది కదా అని మీకు మీరే తేదీలు ఖాయం చేసేసుకోకండి. ఒక సాయంత్రం మాత్రం ఏ ప్లానూ లేకుండా ఖాళీగా ఉంచండి, అరుగు మీద ఊరికే కూర్చుంటే పలకరించేవాళ్లు ఉంటారు, నా లెక్కలో అంతకు మించిన పర్యాటక స్థలం లేదు. ఫొటో తీయాలంటే మాత్రం అడిగాకే, ముఖ్యంగా పిల్లల ఫొటోలైతే వాళ్లింట్లో పెద్దవాళ్లని అడిగాకే.

తిరిగొచ్చాక రివ్యూలో "సూపర్" అని వదిలేయకండి. ఏ నెలలో వెళ్లారు, పొలం ఎలా ఉంది, నీళ్లు ఎన్ని గంటలు వచ్చాయి, చివరి కిలోమీటరు రోడ్డు ఎలా ఉంది, ఇవి రాయండి.