షట్టర్ నొక్కే ముందే ఆకారం: యాస్పెక్ట్ రేషియోను అర్థం చేసుకుని ఎంచుకోవడం

రెండేళ్ల కిందట గుంటూరులో మా అక్క కూతురి ఓణీల వేడుకకు వచ్చిన బంధువులందరినీ పందిట్లో ఒకే వరుసలో నిలబెట్టి కెమెరాతో ఫోటో తీశాను. వరుసకు కుడి కొసన పెదనాన్నగారు, ఎడమ కొసన అక్కవాళ్ల అత్తగారు నిలబడ్డారు. ఆ ఫోటోను 10×8 అంగుళాల ఫ్రేములో పెట్టిద్దామని ల్యాబులో ఇస్తే, చేతికొచ్చిన ప్రింటులో పెదనాన్నగారి భుజం తెగిపోయింది, అత్తగారి చెంప అంచుకు ఆనుకుపోయింది. అందులో ల్యాబువారి పొరపాటేమీ లేదు. నా కెమెరా తీసే బొమ్మ ఆకారం వేరు, నేను కొన్న ఫ్రేము ఆకారం వేరు. 12×8గా రావలసిన బొమ్మను 10×8లో పట్టించాలంటే ఒక్కో పక్క ఒక్కో అంగుళం కోయక తప్పదు. అలాంటి వరుస మళ్లీ కుదరదు కాబట్టి, ఈ లెక్కను ఫోటో తీసే ముందే తెలుసుకోవడం అవసరం.

ఫోటో వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఉండే నిష్పత్తినే యాస్పెక్ట్ రేషియో అంటారు. ఇది బొమ్మ పరిమాణం కాదు, మెగాపిక్సెళ్ల సంఖ్య కూడా కాదు. 6×4 ప్రింటుకూ గోడకు తగిలించే 18×12 ప్రింటుకూ ఆకారం ఒకటే, రెండూ 3:2. కెమెరాను నిలువుగా తిప్పితే అదే 2:3 అవుతుంది.

ఈ నిష్పత్తులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే వాటిని గుర్తుపెట్టుకోవడం తేలిక. సినిమా కోసం తయారైన 35 మి.మీ. ఫిల్ములో ఒక్కో ఫ్రేము 24×18 మి.మీ. ఉండేది. లైకా కెమెరాను రూపొందించిన ఆస్కార్ బర్నాక్ ఆ ఫిల్మునే కెమెరాలో అడ్డంగా నడిపించి, రెండు ఫ్రేముల చోటును ఒకే బొమ్మకు ఇవ్వడంతో 36×24 మి.మీ. కొలత ఏర్పడింది. 1925లో మార్కెట్లోకి వచ్చిన ఆ లైకాతో అది స్థిరపడింది. అదే కొలత సెన్సార్ (వెలుతురును బొమ్మగా మార్చే భాగం) ఉన్న నేటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు చాలావరకు ఆ 3:2నే అనుసరిస్తున్నాయి. పాత టీవీ తెరల ఆకారమైన 4:3 ఇప్పుడు మొబైల్ కెమెరాల్లోనూ అంతకంటే చిన్న సెన్సార్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లోనూ ఉంది. 1:1 అనగానే 1929 నాటి రోలీఫ్లెక్స్ గుర్తుకొస్తుంది. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే ఆ కెమెరాను నిలువుగా తిప్పడం ఇబ్బంది, చతురస్రమైతే తిప్పే అవసరమే ఉండదు. 16:9 నేటి టీవీల ఆకారం.

కెమెరా సెన్సార్‌కు సొంత ఆకారం ఒకటే ఉంటుంది. తక్కిన నిష్పత్తులు సాధారణంగా దాన్ని కోసి తీసేవే. 6000×4000 పిక్సెళ్ల, అంటే 24 మెగాపిక్సెళ్ల ఫోటోను 16:9గా కోస్తే సుమారు 20 మెగాపిక్సెళ్లు మిగులుతాయి, చతురస్రంగా కోస్తే 16 మిగులుతాయి. 4000×3000 పిక్సెళ్లు తీసే మొబైల్లో 16:9 ఎంచుకుంటే బొమ్మలో పావు వంతు పోతుంది. తెరంతా నిండుగా కనిపిస్తుందని చాలామంది మొబైల్లో 'ఫుల్' అన్న ఎంపిక పెట్టుకుంటారు. అందులో పోయేది ఇంకా ఎక్కువ కాబట్టి, మొబైల్‌ను 4:3లోనే ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. కెమెరాలో రా ఫైలు, అంటే సెన్సార్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైలు, తీసేవారికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మెనూలో 1:1 పెట్టుకుంటే తెర మీద చతురస్రమే కనిపిస్తుంది, మామూలు ఫోటో ఫైలైన జేపెగ్ కూడా అలాగే వస్తుంది, కానీ చాలా కెమెరాల్లో రా ఫైలు సెన్సార్ మొత్తాన్నీ దాచి ఉంచుతుంది.

ఇక ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసింది, ఆ ఫోటో చివరికి ఎక్కడ ఉండబోతోంది అని. మొబైల్లో అడ్డంగా తీసిన 4:3 ఫోటోను 6×4 ప్రింటు వేయిస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది, అంటే తలల పైనో పాదాల దగ్గరో కత్తెర పడుతుంది. 3:2 ఫోటో 6×4, 12×8, 18×12 సైజుల్లో కోత లేకుండా సరిపోతుంది. 10×8కి 5:4 కావాలి. పెళ్లి ఆల్బమ్‌లో 36×12 షీటు తెరిస్తే అది 3:1, కాబట్టి దాని మీద పరిచే ఫోటోలో ముఖాలు మధ్య మడత మీద పడకుండా ముందే చోటు చూసుకోవాలి. వాట్సాప్ స్టేటస్‌కు నిలువు 9:16 నప్పుతుంది. 2010లో చతురస్రంతో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ 2015లో ఇతర ఆకారాలకూ చోటిచ్చింది, అక్కడ నిలువు 4:5 తెర మీద బాగా నిండుతుంది.

రెండో ప్రశ్న ఎదురుగా ఉన్న దృశ్యానిది. సీతానగరం ఒడ్డున నిలబడి ప్రకాశం బ్యారేజీని 3:2లో తీస్తే, కిలోమీటరుకు పైగా సాగే ఆ గేట్ల వరుస సన్నని గీతగా మారి, ఫోటోలో సింహభాగం ఆకాశమూ నీళ్లే ఆక్రమిస్తాయి. దానికి 3:1 పొడవాటి ఆకారం సరైనది. అయితే ఒకే ఫోటోను కోయడం కంటే, కెమెరాను నిలువుగా పట్టుకుని, పక్కపక్క ఫోటోల్లో మూడో వంతు దృశ్యం మళ్లీ వచ్చేలా వరుసగా తీసి కలుపుకుంటే పిక్సెళ్లు నష్టపోవు. ఉండవల్లి గుహలో శయనించిన అనంతపద్మనాభస్వామికి 16:9 చాలు. విజయవాడ స్వరాజ్ మైదానంలో పీఠంతో కలిపి 206 అడుగులున్న అంబేడ్కర్ విగ్రహానికి నిలువు 2:3 మేలు. 9:16లో పీఠం దగ్గర నిలబడిన మనుషులకు పక్కన చోటు చాలదు, వాళ్లు లేకపోతే విగ్రహం ఎత్తు తెలియదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పినవి మిర్చి కల్లాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎరుపు పరిచినట్టుండే కల్లంలో ఒకామె కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. మొదట నేల మట్టానికి వంగి 16:9లో తీశాను, కాయల విస్తీర్ణం తెలిసింది కానీ ఆమె పని తెలియలేదు. తర్వాత ఆమె అనుమతితో పక్కన నిలబడి, పైనుంచి ఆమె చేతుల్ని 3:2లో తీశాను. కుడివైపు మిగిలిన ఎరుపు చూపును బయటికి లాగేసింది. అదే చోటు నుంచి 1:1 పెట్టి తీస్తే మధ్యలో గాజుల చేయి, ఒక పక్క మంచి కాయల కుప్ప, మరో పక్క తెల్లబారిన తాలు నిలిచాయి. చూపు కాయ నుంచి చేతికి, చేతి నుంచి తాలుకు తిరుగుతూ ఫ్రేములోనే ఉండిపోయింది. పక్కకు సాగే కథ లేని చోట, మధ్యలో ఒకే పని జరుగుతున్న చోట చతురస్రాన్ని ప్రయత్నించండి.

ఎక్కడికి వెళ్తుందో తెలియని ఫోటోను సెన్సార్ సొంత నిష్పత్తిలోనే తీసి, ఒక అడుగు వెనక్కి జరిగి అంచుల్లో ఖాళీ వదలాలి. వరుసగా నిలబెట్టిన ఫోటోల్లో కొసన ఉన్నవారి పక్కన మరో మనిషి పట్టేంత జాగా ఉంచుకుంటే 10×8 కోతను కూడా తట్టుకోవచ్చు. ఫ్రేము కొనేటప్పుడు బయటి కొలత కాదు, లోపల అద్దం వెనుక కనిపించే భాగాన్ని టేపుతో కొలవండి. ఇప్పటికే తీసిన ఫోటో ఫ్రేముకు సరిపోకపోతే, కోయకుండా తెల్ల అంచులు వదిలి వేయమని ల్యాబులో స్పష్టంగా చెప్పండి, లేదా ఫోటోకు తగిన ఫ్రేమునే కొనండి. మా వేడుక ఫోటోను నేను 12×8లో మళ్లీ వేయించాను. అందులో పెదనాన్నగారి భుజంతో పాటు, మొదటి ప్రింటులో కనిపించని ఆయన చేతికర్ర కూడా వచ్చింది.