మన జట్టు ఎక్కడ ఓడిందో పట్టుకోవడం

బ్రాడీపేటలో రాత్రి షాపు కట్టేశాక నేను మోస్కోనీ కప్ రికార్డింగులు చూస్తాను. 1994లో మొదలైన ఈ నైన్ బాల్ పోటీలో యూరప్, అమెరికా జట్లు తలపడతాయి. నైన్ బాల్ అంటే పూల్ టేబుల్ ఆట: ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బంతుల్లో, టేబుల్ మీదున్న చిన్న అంకె బంతికే తెల్ల బంతి ముందు తగలాలి. ఇప్పుడైతే మ్యాచ్‌కో పాయింటు చొప్పున ముందుగా 11 పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే కప్పు. నాది అమెరికా పక్షం. అందుకే ఓటమికి కారణం వెతకడం బాగా అలవాటైంది.

ముందు స్కోరు పక్కన పెట్టండి. నోట్‌బుక్‌లో ఒక్కో రాక్‌కు (అంటే ఒక్కో ఆటకు) ఒక్కో వరుస: బ్రేక్‌లో, అంటే బంతుల్ని చెదరగొట్టే మొదటి షాట్‌లో, గుంతలో బంతి పడిందా, తర్వాత ఒకటో బంతి కనబడిందా, వంతు ఎదుటివాళ్ల చేతికి ఎలా వెళ్లింది.

అసలు పని ఇక్కడుంది. ఎనిమిదో బంతి తప్పితే అందరూ ఆ షాట్‌నే తిడతారు. మీరు వీడియో వెనక్కి తిప్పండి. ఆరో బంతి కొట్టినప్పుడే తెల్ల బంతి అర అడుగు ఎక్కువ దొర్లి, ఏడుకి కోణం పోయి ఉంటుంది. ఏడు ఎలాగో పడింది గానీ, తెల్ల బంతి వెళ్లి కుషన్‌కు (టేబుల్ అంచుకు) అతుక్కుంది. తప్పు ఆరు దగ్గర రాయాలి, ఎనిమిది దగ్గర కాదు. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఎదుటివాడు మంచి సేఫ్టీతో, అంటే మనకు సులువైన షాట్ మిగలకుండా కొట్టి, ఇరికిస్తే అది మనవాడి తప్పు కాదు, వేరే రంగు పెన్నుతో రాయండి. షాట్‌కు 30 సెకన్లే. ఆఖరి క్షణంలో కొట్టినవి గుర్తుపెట్టండి, టెన్షన్ అక్కడే బయటపడుతుంది. డబుల్స్‌లో ఇద్దరూ వంతులవారీగా కొడతారు కాబట్టి ఒకరు వదిలిన చోటు రెండోవారికి నప్పిందా చూడండి.

ముందు 5 రాక్‌లు గెలిస్తే మ్యాచ్ అయిపోతుంది. రెండు బ్రేకులు బంతి పడకుండా ఖాళీగా పోతే ఎంతటి ఆటగాడైనా ఓడిపోవచ్చు. అలాంటి రోజు ఎవరినీ నిందించకుండా ‘బ్రేక్’ అని రాసి తర్వాతి మ్యాచ్‌కు వెళ్లండి.