కిల్ -9 కొట్టే ముందు

అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో, మూడో అంతస్తులో, పొద్దున ఏడింటి బ్యాచ్‌కి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతాను. మొన్న వెనక వరసలోంచి సిద్దిపేట పిల్లాడు చెయ్యెత్తాడు. "సార్, ఎన్నిసార్లు కొట్టినా ఇది సస్తలేదు." వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్‌ని బలవంతంగా ఆపే కమాండ్, కిల్ -9, ఆరుసార్లు వరసగా ఉంది. ఏ ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ఏ ప్రోగ్రామ్‌ని ఆపుతున్నావు తమ్ముడూ అంటే చెప్పలేకపోయాడు. 9 అనే నెంబరు మాత్రం నోటికొచ్చు.

నా క్లాసులో మొదటి మాట ఇదే: ముందు అదెవరో చూడండి. పీఎస్ -ఈఎఫ్ కొడితే (అన్నీ చిన్న అక్షరాలే) నడుస్తున్నవన్నీ వస్తాయి. యజమాని పేరు, పీఐడీ, అంటే ప్రాసెస్ నెంబరు, దాని పక్కనే పీపీఐడీ, అంటే దాన్ని పుట్టించిన తల్లి ప్రాసెస్ నెంబరు. మాటను వెతికే గ్రెప్ కమాండ్‌తో వెతికితే ఆ గ్రెప్ కూడా లిస్టులో కనిపిస్తుంది, కొత్తవాళ్లు దాన్నే ఆపబోతారు. అందుకే పీగ్రెప్ -ఏ జావా అని వెతకమంటాను, ఆ గొడవ ఉండదు. మిషన్ బరువెక్కి, కారణం ఎవరో తెలియకపోతే టాప్ అనే కమాండ్ తెరిచి పెద్ద పీ నొక్కండి, సీపీయూ తినేది పైకొస్తుంది. పెద్ద ఎమ్ నొక్కితే మెమరీ తినేది.

కిల్ అనే పేరు చూసి మోసపోవద్దు. అది చేసే పని సిగ్నల్ పంపడం, అంతే. సిగ్నల్ నెంబరు ఇవ్వకుండా, పీఐడీ మాత్రం ఇచ్చి కిల్ 4821 అంటే వెళ్లేది 15, టర్మ్. "సర్దుకుని బయల్దేరు" అని చెప్పడం. ప్రోగ్రామ్ దాన్ని అందుకుని, తెరిచిన ఫైళ్లు మూసి, "నేను నడుస్తున్నాను" అని గుర్తుగా పెట్టుకున్న లాక్ ఫైల్ తీసేసి వెళ్లే అవకాశం ఉంటుంది. కంట్రోల్ సీ నొక్కినప్పుడు వెళ్లేది 2, అదీ ఇలాంటిదే. 9 అలా కాదు. ఆ కబురు ప్రోగ్రామ్ చెవిన పడనే పడదు, సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నలే నేరుగా దాన్ని తీసేస్తుంది. సర్దుకోవడానికి క్షణం కూడా దొరకదు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. చాలా ఏళ్ల కిందట మాధాపూర్‌లో నైట్ డ్యూటీ చేసేవాణ్ని. ఒక కస్టమర్ బిల్లింగ్ సర్వర్‌లో రాత్రి రెండింటికి ఇంపోర్ట్ ప్రోగ్రామ్ ఇరుక్కుంది. తిన్నగా -9 కొట్టి టీకి వెళ్లాను. ఫైల్ సగంలో తెగింది, లాక్ ఫైల్ అలాగే మిగిలింది. పొద్దున ఆరింటికి ప్రోగ్రామ్ మళ్లీ లేచి, ఆ లాక్ చూసి, ఇంకోటి నడుస్తోందనుకుని ఆగిపోయింది. కారణం పట్టుకునేసరికి తొమ్మిదైంది. అప్పటిదాకా కౌంటర్లో వాళ్లు చేత్తో బిల్లులు రాశారు. వాళ్ల కష్టం నాకింకా గుర్తే.

అందుకని మామూలు కిల్ కొట్టాక పది సెకన్లు ఆగండి. కిల్ -0 4821 కొడితే ఏ సిగ్నలూ వెళ్లదు, ఆ నెంబరు ఇంకా ఉందో లేదో తెలుస్తుంది. డేటాబేస్ అయితే పది సెకన్లు చాలవు, దాని లాగ్ (అది రాసుకునే చిట్టా) చూస్తూ నిమిషాలైనా ఓపిక పట్టండి. అప్పటికీ కదలకపోతేనే 9.

సర్వీసుగా, అంటే వెనకాల ఎప్పుడూ నడిచేదాన్ని కిల్‌తో ఆపొద్దు. రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టి ఉంటే, సర్వీసుల్ని చూసుకునే సిస్టమ్‌డీ దాన్ని కొత్త నెంబరుతో మళ్లీ లేపుతుంది. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ అనండి. అది ముందు టర్మ్ పంపి, మామూలుగా 90 సెకన్లు చూసి, ఆ తర్వాతే 9 వాడుతుంది. నేను చెప్పే వరసే అది. ఇక పీకిల్ -ఎఫ్ అంటే నాకు భయం. కమాండ్ లైన్ మొత్తంలో ఆ మాట ఎక్కడున్నా పట్టేస్తుంది. అదే మాటతో ముందు పీగ్రెప్ -ఏఎఫ్ కొట్టి, వచ్చిన ప్రతి వరసా చదవండి. కమాండ్ ముందు సుడో (అడ్మిన్ అధికారం) ఉంటే రెండుసార్లు చదవండి.

ఆఫీసులో విండోస్ ఇచ్చినవాళ్లకి టాస్క్‌లిస్ట్, టాస్క్‌కిల్ ఉన్నాయి. అక్కడ /ఎఫ్ అంటే బలవంతంగా ఆపడం. దాన్నీ చివరికే ఉంచండి.

ఇంతకీ ఆ పిల్లాడిది 9కి కూడా ఎందుకు పోలేదు? పీఎస్ ఏయూఎక్స్ కొట్టించి స్టాట్ అనే నిలువు వరస చూడమన్నాను. అక్కడ డీ ఉంటే డిస్క్ కోసమో, నెట్‌వర్క్‌లోని ఫైళ్ల కోసమో కెర్నల్‌లో ఎదురుచూస్తోందని అర్థం. ఆ పని తెమిలేదాకా సాధారణంగా 9 కూడా పనిచేయదు, సరిచేయాల్సింది ఆ డిస్క్‌నో నెట్‌వర్క్‌నో. వాడి దగ్గర జడ్ ఉంది, జాంబీ. అది ఎప్పుడో చచ్చిపోయింది. తల్లి వచ్చి దాని ఫలితం తీసుకోలేదు కాబట్టి పేరు మాత్రం పట్టీలో మిగిలింది. చచ్చినదాన్ని ఎన్నిసార్లు చంపుతాం?

పీపీఐడీ వెతికితే, ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో ఆదివారం వాడే రాసుకున్న పైథాన్ స్క్రిప్టు దొరికింది. పీఓపెన్‌తో పిల్ల ప్రాసెస్‌ని పుట్టించి, దాని ఫలితం తీసుకునే వెయిట్ పిలవడం మరిచాడు. తల్లిని సిగ్నల్ నెంబరు లేని మామూలు కిల్‌తో ఆపించాను. జాంబీని సిస్టమ్‌లో అన్నిటికంటే ముందు లేచే ఒకటో నెంబరు ప్రాసెస్ దత్తత తీసుకుని తుడిచేసింది, లిస్టులో రెండూ లేవు. వాడు స్క్రిప్టు తెరిచి వెయిట్ లైన్ చేర్చడం మొదలుపెట్టాడు.