ఎమ్మారైకి వెళ్లే ముందు భయం తగ్గాలంటే ఏం చేయాలి?

నిరుడు మా పెద్దమ్మను నడుము నొప్పికి ఎమ్మారై తీయించడానికి నల్గొండ తీసుకుపోయాను. మిషన్ చూడగానే "అండ్ల పెట్టి మూస్తరా బిడ్డా?" అని నా చేయి పట్టుకుంది. అప్పటికే కౌంటర్ దగ్గర ఇంగ్లీషు సమ్మతి కాగితం మీద ఆమె వేలిముద్ర పడిపోయింది. తొందరలో నేనూ చదవలేదు. తప్పు నాదే.

సంగతంతా ఇంట్లోనే చెప్పండి. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది. మామూలుగా 20 నుంచి 45 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. చప్పుడు మాత్రం పక్కనే బోరు వేస్తున్నట్టు ఉంటుంది, అందుకే చెవులకు అడ్డం పెడతారు. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండే రేడియేషన్ ఇందులో లేదు, ఇది అయస్కాంతం.

మెట్టెలు, కమ్మలు, మొలతాడుకున్న తాయెత్తు ఇంట్లోనే తీసేయాలి. పేచీ పుస్తెలతాడు దగ్గరే. మెడలో పసుపుకొమ్ము దారం కట్టాకే పెద్దమ్మ ఒప్పుకుంది. మీరూ ఒకటి సంచిలో వేసుకోండి. గుండెకు పెట్టిన పేస్‌మేకర్, ఒంట్లో క్లిప్పులు, కంట్లో ఎప్పుడో పడిన ఇనుప రజను, గర్భం ఇలాంటివి వాళ్లు అడగకపోయినా చెప్పాలి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిన పెద్దలకు వెల్లకిలా పడుకోవడమే నరకం. ముందే చెబితే టెక్నీషియన్ మోకాళ్ల కింద దిండు సర్దుతాడు.

సంతకానికి ముందు కాగితాన్ని తెలుగులో చదివి చెప్పమనండి. ఈ పరీక్ష ఎందుకు, ఇబ్బందులేమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అని అడగండి. మొహమాటం వద్దు. ఇవన్నీ రోగికి చెప్పాకే సమ్మతి చెల్లుతుందని 2008లో సమీరా కోహ్లీ అనే రోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంజెక్షన్ ఉందా అనీ అడగండి. ఎమ్మారై కాక సీటీ స్కాన్ అయితే, మందు ఎక్కించగానే ఒళ్లు వెచ్చబడి, ఉచ్చ పోసుకున్నట్టు అనిపిస్తుంది. తెలియకపోతే పెద్దవాళ్లు సిగ్గుతో లేవబోతారు. కిడ్నీ జబ్బు, షుగర్ మాత్రలు, ఇదివరకు ఏదైనా ఇంజెక్షన్ పడకపోవడం ఉంటే దాచొద్దు.

మరీ భయస్తులైతే మత్తుమందు సంగతి ముందు రోజే డాక్టర్‌తో మాట్లాడాలి. అది తీసుకుంటే వెంట మనిషి ఉండాలి, బండి నడపకూడదు.

ఎమ్మారైలో చేతికి రబ్బరు బంతి ఇస్తారు. నొక్కితే లోపలి మనిషి పిలుస్తున్నట్టు. లోపలికి పంపేముందే ఒకసారి నొక్కించి చూడండి. పడుకున్న బల్ల లోపలికి కదలకముందే కళ్ల మీద చేతిరుమాలు వేయించుకుంటే గొట్టం కనబడదు.

పెద్దమ్మ రెండుసార్లు నొక్కింది. రెండోసారి ఎందుకంటే, "మీరు ఉన్నరా, పోయిన్రా అని చూసిన" అంది.