ఫోల్డర్‌లో మెయిళ్లున్నా ‘ఫార్మాట్ తెలియలేదు’ అని వస్తుంటే

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి ఎగుమతి ఆఫీసులో పాత లైనక్స్ సర్వర్ ఉంటుంది. అందులోని మెయిళ్లు బ్యాకప్ తీసుకొచ్చి బెజవాడ గవర్నర్‌పేటలో కొత్త మెషీన్ మీద పెడతారు. ప్రోగ్రామ్ ‘ఇది మెయిల్ ఫోల్డర్ కాదు’ అంటుంది. అక్కణ్ణుంచి కన్వర్టర్ల వేట మొదలవుతుంది. ప్రోగ్రామ్‌కి ఇచ్చిన పాత్‌లో ఉన్నది ఫైలా, డైరెక్టరీయా? దయచేసి ముందు అది చూడండి. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ ఒక్కసారి కొడితే తేలిపోయే విషయం.

ఫైల్ అయితే

పేరునూ ఎక్స్‌టెన్షన్‌నూ నమ్మొద్దు. థండర్‌బర్డ్ మామూలుగా మెయిళ్లు దాచేది ఎక్స్‌టెన్షన్ లేని ‘ఇన్‌బాక్స్’ ఫైల్లో. పక్కనున్న ఎంఎస్ఎఫ్ ఫైల్ ఉత్త ఇండెక్స్. అదొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకొస్తే అందులోంచి తీయడానికి మెయిళ్లుండవు.

బైట్లను అంకెలుగా చూపే ఓడీ కమాండ్‌తో మొదటి అయిదు బైట్లు డెసిమల్‌లో చూడండి. 70 114 111 109 32 వస్తే ఎంబాక్స్, అంటే మెయిళ్లన్నీ ఒకే ఫైల్లో వరసగా ఉండే ఫార్మాట్: ‘ఫ్రమ్’, ఆ వెంటనే స్పేస్. చివరిది 32 కాకుండా 58 అయితే అది కోలన్, అంటే హెడర్‌తో మొదలైన విడి మెయిల్. 239 187 191తో మొదలైతే ఎవరో టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేసినట్టు. బీఓఎం అనే మూడు బైట్లు ముందు చేరాయి. టెయిల్ కమాండ్‌తో నాలుగో బైట్ నుంచి కొత్త ఫైల్లోకి తీసుకోండి, పాతది తుడిచేయకండి. సైజు సున్నా అయితే లోపల చూసి చెప్పడానికి ఏమీ లేదు. ఫార్మాట్ సెట్టింగ్‌లో మీరే ఇవ్వాలి.

డైరెక్టరీ అయితే: కొందరి మెయిల్ తెరుచుకుంటుంది, కొందరిది తెరుచుకోదు

ఎక్కువమందికి రోజులు పోయేది ఇక్కడే. బ్యాకప్ ఒకటే, సర్వర్ ఒకటే. అకౌంట్స్ ఆయన మెయిల్ బాగుంటుంది, మేనేజర్‌గారిది తెరుచుకోదు. పర్మిషన్లు మార్చి చూస్తారు, డిస్క్ చెక్ చేస్తారు, మెయిళ్లు పాడయ్యాయనుకుంటారు. మెయిళ్లకేమీ కాలేదు. ఖాళీ డైరెక్టరీలు దారిలో రాలిపోయాయి.

ఒక్కో మెయిల్‌నీ విడి ఫైల్‌గా డైరెక్టరీలో దాచే ఫార్మాట్ మెయిల్‌డిర్. అందులో కర్, న్యూ, టెంప్ అని మూడు డైరెక్టరీలుంటాయి. వచ్చిన మెయిల్‌ని సర్వర్ ముందు టెంప్‌లో రాస్తుంది, రాయడం పూర్తయ్యాక న్యూలోకి జరుపుతుంది. మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని చూశాక కర్‌లోకి పోతుంది. కాబట్టి టెంప్ దాదాపు ఎప్పుడూ ఖాళీయే. ఎప్పటి మెయిల్ అప్పుడు చూసుకునేవాళ్లకి న్యూ కూడా ఖాళీ. కోడ్ వెర్షన్లు దాచే గిట్ ఖాళీ డైరెక్టరీలను దాచదు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కి ‘మైనస్ ఎం’ ఇస్తే వదిలేస్తుంది. ‘మైనస్ క్యాపిటల్ డీ’తో కట్టిన జిప్‌లో డైరెక్టరీ ఎంట్రీలే ఉండవు. అందుకే మెయిల్ శుభ్రంగా చూసుకున్న మేనేజర్‌గారిది చెడుతుంది, చూడని మెయిళ్లు పేరుకుపోయినవాళ్లది బాగుంటుంది.

ఏది పోయిందో లక్షణాన్ని బట్టి చెప్పొచ్చు. మట్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్‌లు కర్ ఉంటే చాలు, మెయిల్‌డిర్ అని గుర్తుపడతాయి. పైథాన్ మెయిల్‌బాక్స్ మాడ్యూల్ న్యూ లేకపోతే మెయిళ్ల జాబితా తీసేటప్పుడే ‘ఫైల్ దొరకలేదు’ అని ఆగిపోతుంది. టెంప్ ఒక్కటే పోతే పాతవన్నీ చదవొచ్చు, కొత్త మెయిల్ రాసేటప్పుడు ఎర్రర్ వస్తుంది. నెట్‌వర్క్ లోపమని పొరబడేది దీన్ని చూసే.

సరిచేయడానికి: ఫైండ్ కమాండ్‌తో కర్ గానీ న్యూ గానీ ఉన్న ప్రతి చోటా, మూడింట్లో లేనివాటిని ఎంకేడిర్‌తో సృష్టించండి. కర్ ఒక్కదాన్నే వెతికితే చాలదు. ఒక్క మెయిలూ చూడని ఫోల్డర్‌లో పోయేది కర్‌రే. ఓనర్‌గా ఆ యూజర్‌నే పెట్టి, పర్మిషన్ 700 ఇవ్వండి. సెంట్, డ్రాఫ్ట్స్ లాంటి సబ్‌ఫోల్డర్ల పేర్లు చాలా సర్వర్లలో చుక్కతో మొదలవుతాయి. కాపీ చేసేటప్పుడు స్టార్ పెడితే అవి అసలు రావు, ఎల్ఎస్ మైనస్ ఏ కొడితేనే కనిపిస్తాయి. మళ్లీ తరలించేటప్పుడు అన్నిటినీ ఒకే ఫైల్‌గా కట్టే టార్ వాడండి. ఖాళీ డైరెక్టరీలు, ఫైల్ పేర్లు, టైమ్‌లు యథాతథంగా వస్తాయి.

మెయిల్‌డిర్‌ని విడి ఫైళ్లుగా విండోస్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయొద్దు. ఫైల్ పేరు చివర ‘కోలన్ 2 కామా ఎస్’ ఉంటే చదివిన మెయిల్ అని అర్థం. విండోస్‌లో కోలన్ చెల్లదు. కొన్ని టూల్స్ కాపీ ఆపేస్తాయి, కొన్ని పేరు మార్చేస్తాయి. పేరు మారితే చదివినవన్నీ చదవనివిగా కనిపిస్తాయి.

కోడ్ రాసేవాళ్లకి

పైథాన్ మెయిల్‌బాక్స్ మాడ్యూల్‌లో ‘క్రియేట్’ని ఫాల్స్ చేయండి. డిఫాల్ట్ ట్రూ కాబట్టి పాత్‌లో ఒక్క అక్షరం తప్పినా అక్కడ ఖాళీ మెయిల్‌బాక్స్ పుట్టేస్తుంది, ఎర్రర్ రాదు. మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ డవ్‌కాట్‌లో ఫార్మాట్ ఆటోడిటెక్షన్ మీద ఆధారపడొద్దు. కొత్త యూజర్‌కి ఇంకా ఏ డైరెక్టరీ ఉండదు కాబట్టి అది విఫలమవుతుంది. వెర్షన్ 2.3 వరకు మెయిల్ లొకేషన్‌లో, 2.4 నుంచి మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ సెట్టింగుల్లో నేరుగా రాసేయండి.

డైరెక్టరీలో అంకెలే పేర్లుగా ఉన్న ఫైళ్లు కనిపిస్తే అది ఎంహెచ్ అనే మరో ఫార్మాట్. ఫైల్ 1 1 1 1 10తో మొదలైతే ఎంఎండీఎఫ్ అనే ఇంకో ఫార్మాట్. 31 139 అయితే జీజిప్‌తో కుదించిన ఫైల్, విప్పి మళ్లీ చూడండి.