వెర్షన్ లేని ప్యాకేజీ ఒక్కటి ఉంటే జాబితా మొత్తం ఆగిపోతోందా?

సమస్య

ఇన్‌స్టాల్ అయిన పైథాన్ ప్యాకేజీల (సిద్ధంగా దొరికే కోడ్ మూటల) వెర్షన్లను సరిపోల్చే స్క్రిప్టు నిన్నటి వరకు సవ్యంగా నడిచి, ఈ రోజు మధ్యలో ఆగిపోతుంది. తెరపై టైప్ ఎర్రర్ కనిపిస్తుంది: స్ట్రింగ్ (అక్షరాల వరుస) రావలసిన చోట నన్ (None, అంటే విలువే లేదని చెప్పే గుర్తు) వచ్చిందని దాని సారాంశం. ఏ ప్యాకేజీ వల్ల ఆగిందో మాత్రం ఆ సందేశం చెప్పదు. అసలు చిక్కు అదే.

కారణం

గుంటూరు అరండల్‌పేటలోని ఒక చిన్న కార్యాలయంలో నేను ఈ లోపాన్ని చూసినప్పుడు, అంతకు ముందురోజు ఇన్‌స్టలేషన్ జరుగుతుండగా కరెంటు పోయిందని, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని తెలిసింది. సాధారణంగా ప్రతి ప్యాకేజీకీ సైట్-ప్యాకేజెస్‌లో (ప్యాకేజీలు చేరే ఫోల్డరులో) డిస్ట్-ఇన్ఫో అనే ఫోల్డరు ఉంటుంది. పేరు, వెర్షన్ వంటి వివరాలు అందులోని మెటాడేటా ఫైలులో ఉంటాయి. పని మధ్యలో తెగిపోతే ఫోల్డరు మిగిలి, ఫైలు లేకుండానో ఖాళీగానో ఉండిపోవచ్చు. పైథాన్ 3.8 నుంచి దానితోపాటే వస్తున్న, ప్యాకేజీల వివరాలు చదివే ఇంపోర్ట్‌లిబ్ మెటాడేటా అటువంటి ఫోల్డరును కూడా ప్యాకేజీగానే లెక్కించి, వెర్షన్ అడిగితే సాధారణంగా నన్ ఇస్తుంది. దానిని నేరుగా వెర్షన్ పార్సర్‌కు (వెర్షన్ రాతను పోల్చదగిన అంకెలుగా విడదీసే కోడ్‌కు) అందించగానే ప్రోగ్రాము ఆగుతుంది.

పరిష్కారం

ముందుగా, మెటాడేటా ఫైలు లేని లేదా ఖాళీగా ఉన్న డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్లను వెతకాలి. ఫోల్డరు పేరులోనే ప్యాకేజీ పేరు, వెర్షన్ ఉంటాయి కనుక (రిక్వెస్ట్స్-2.31.0 అన్నట్లు) ఏది పాడైందో అక్కడే తెలుస్తుంది. ప్యాకేజీలను పెట్టి తీసే పిప్ సాధనంలోని అన్‌ఇన్‌స్టాల్ ఆదేశం ఇక్కడ సాధారణంగా పనిచేయదు, ఎందుకంటే తొలగించవలసిన ఫైళ్ల పట్టిక ఉండే రికార్డ్ ఫైలు కూడా తరచుగా ఉండదు. ఆ ఫోల్డరును చేత్తో తీసివేసి, అదే వెర్షన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్ ఏర్పాటు) అయితే మొత్తం తుడిచి కొత్తగా కట్టుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. టిల్డా (~) గుర్తుతో మొదలయ్యే ఫోల్డర్లు కనిపిస్తే అవి అసంపూర్తి అప్‌గ్రేడ్ అవశేషాలు, వాటినీ తీసేయవచ్చు.

ఇక స్క్రిప్టు రాసినవారు సరిదిద్దుకోవలసింది ఉంది. చాలామంది నన్ వచ్చిన చోట 0.0.0 పెట్టి ఊరుకుంటారు. అది లోపాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది: 2.0 కంటే తక్కువ ఉండాలన్న షరతును ఆ ప్యాకేజీ ఉత్తినే దాటేస్తుంది, 1.0 లేదా ఆపైన ఉండాలన్న షరతులో అకారణంగా తప్పుతుంది. పైగా వెర్షన్ రాయని ప్రాజెక్టుకు, ప్యాకేజీలు తయారుచేసే సెటప్‌టూల్స్ తానే 0.0.0 ఇస్తుంది కాబట్టి, రెండింటికీ తేడా చెప్పలేము. వెర్షన్ స్థానంలో 'తెలియదు' అన్న మాటను పెట్టడమూ కుదరదు. వెర్షన్లను చదివి పోల్చే ప్యాకేజింగ్ అనే లైబ్రరీలో, 2022 డిసెంబరులో వచ్చిన 22.0 నుంచి నియమాలకు ఒదగని వెర్షన్లకు ఇన్వాలిడ్ వెర్షన్ లోపమే వస్తుంది.

మిర్చి యార్డులో ఒక టిక్కీకి (మిర్చి బస్తాకు) చీటీ ఊడిపోయిందని మొత్తం సరుకు తూకం ఆపరు. అలాగని దానికి నచ్చిన అంకె రాసి లెక్కలో కలపరు. ఇక్కడా అంతే: పార్సర్‌కు ఇచ్చే ముందే నన్ అవునో కాదో చూసి, అయితే ఆ ప్యాకేజీని పోలికలోంచి తప్పించి, దాని ఫోల్డరు పూర్తి పాత్‌తో ఒక హెచ్చరిక ముద్రించి, మిగిలిన జాబితాను కొనసాగించాలి. చివర్లో అటువంటివి ఎన్ని ఉన్నాయో చూపి, ఒక్కటున్నా ఎగ్జిట్ కోడ్‌ను (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే అంకె, సున్నా అంటే అంతా సవ్యమని) సున్నా కాకుండా ఇవ్వాలి. లేకపోతే రాత్రిపూట తనంతట నడిచే పనుల్లో ఆ హెచ్చరికను చదివేవారు ఉండరు.