గుహల్లో బతికే ఆల్చిప్పను కదపకుండా చూడటం ఎలా

కాంగేరియా కుష్చేరి అనే ఈ మంచినీటి ఆల్చిప్ప వేలిగోరంతే ఉంటుంది, కానీ యాభై ఏళ్ళకు పైగా బతుకుతుంది. దాదాపు పదేళ్ళు వస్తే గానీ సంతానానికి సిద్ధం కాదు. కాబట్టి ఫొటో కోసమో శాంపిల్ కోసమో ఒక్కదాన్ని రాతి మీంచి పీకినా ఆ లోటు పూడటానికి ఏళ్ళు పడుతుంది. చేతులు దగ్గర పెట్టుకుని కళ్ళతోనే పని కానివ్వాలి, ఇక్కడ చెప్పేదంతా అందుకే.

ఇది ఉండేది దినారిక్ పర్వతాల సున్నపురాయి నేలలో, అంటే క్రొయేషియా, బోస్నియా హెర్జెగోవినాల్లో. 1962లో బోలే అనే శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. చాలాకాలం ఒకటే జాతి అనుకున్నారు, 2013లో మరో రెండింటిని (యల్జిచి, ములావోమెరోవిచి) విడదీశారు. చూపుకి మూడూ ఒకేలా ఉంటాయి కాబట్టి గుహలో నిలబడి జాతి పేరు తేల్చేయకండి, ఎక్కడ చూశారో రాసుకుంటే చాలు. బాగా పరిశోధన జరిగిన చోటు క్రొయేషియాలోని మెట్కోవిచ్ పట్టణంలో ఉన్న యామా ఉ ప్రెడోల్చు గుహ.

చట్టం రక్షిస్తున్న జీవి ఇది, యూరోపియన్ యూనియన్ ఆవాస రక్షణ చట్టంలో కూడా దీని పేరుంది. ముందు అనుమతి తీసుకోండి, ఆ గుహ తెలిసిన బృందంతోనే వెళ్ళండి.

వెళ్ళాల్సింది వేసవిలో, నీళ్ళు తగ్గాక. శరదృతువు వానలు మొదలైతే ఈ గుహల్లో నీటిమట్టం చాలా వేగంగా లేస్తుంది, అప్పుడు ఆల్చిప్పల సంగతి అటుంచి మీ ప్రాణానికే ముప్పు. నీళ్ళు దిగిపోయినప్పుడు కొన్ని గాల్లోనే గోడకు అంటుకుని కనిపిస్తాయి. తడిగాలి వల్ల కొంతకాలం అలాగే నెట్టుకొస్తాయి, చచ్చిపోయాయనుకుని పీకొద్దు.

చాలామంది చేసేదేమిటంటే నేల మీద వెతకడం. అక్కడ దొరికేవి ఎక్కువగా ఖాళీ చిప్పలు, వరద ఎక్కడినుంచి తెచ్చి పడేసిందో కూడా చెప్పలేం. బతికున్నవి పోగుల్లాంటి జిగురు దారాలతో గోడలకు, పగుళ్ళకు, పైకప్పుకు అంటుకుని గుంపులుగా ఉంటాయి, లైటు అటు తిప్పండి. పక్కనే తెల్లటి సన్నని సున్నపు గొట్టాలు కనిపిస్తే అవి మారిఫుజియా అనే గుహపురుగు ఇళ్ళు, వాటినీ తొక్కకండి.

గుంపు దొరికాక పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, చిప్పలను దేన్నీ తాకకుండా. ఫొటోలో చూడాల్సింది సంఖ్య ఒక్కటే కాదు, సైజులు కూడా. పెద్దవే ఉండి చిన్నవి ఒక్కటీ లేకపోతే నాకైతే అది అనుమానించాల్సిన గుంపే, ఎందుకంటే ముసలివి దశాబ్దాలు బతికేస్తాయి, పిల్లలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయినా బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఆ పిల్లల కథ కూడా వేరే. దీని చుట్టమైన జీబ్రా ఆల్చిప్ప నీళ్ళలోకి లక్షల గుడ్లు వదిలేస్తుంది, లార్వాలు ఈదుకుంటూ పోతాయి, అందుకే అది ఖండాలు దాటి వ్యాపించింది. కుష్చేరిలో ఆడ, మగ వేరు. తల్లి పిల్లలను మొదట మొప్పల్లో, తర్వాత చిప్ప లోపలి పొర దగ్గర పెంచి, కాస్త ఎదిగాకే వదులుతుంది. ఈ వ్యవహారమంతా వేసవిలో తగ్గి శరదృతువులో పెరిగే నీటి లెక్క ప్రకారమే నడుస్తుంది. తిండి కూడా బయటి నీరు మోసుకొచ్చేదే, చీకట్లో పచ్చదనం పెరగదు కదా.

కాబట్టి నోట్సులో ఆల్చిప్పల కంటే ముందు నీటి సంగతి రాయండి: గోడ మీద తడి గుర్తు ఎంత ఎత్తులో ఉంది, ఉష్ణోగ్రత ఎంత, పైన నదికి ఆనకట్ట ఏమైనా కట్టారా. బోస్నియాలోని పోపొవో పోల్యే మైదానం ఏటా నెలల తరబడి మునిగేది. ట్రెబిష్నిట్సా నది మీద జలవిద్యుత్ కట్టడాలు వచ్చాక ఆ వరదలు తగ్గిపోయాయి, దాంతో కింద గుహల్లోని గుంపులు దెబ్బతిన్నాయి. గుహ లోపల ఎవరూ ఏమీ ముట్టుకోలేదు, నీళ్ళ దారి మారిందంతే.

బయటికొచ్చాక బూట్లు, తాళ్ళు, వెట్‌సూట్ కడిగి పూర్తిగా ఎండబెట్టండి, తర్వాతే ఇంకో గుహ. తడి సామాన్లతో జీబ్రా ఆల్చిప్ప లార్వాలో, ఏదైనా రోగమో కొత్త నీళ్ళలోకి చేరితే వెనక్కి తీసే మార్గం ఉండదు. ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు లొకేషన్ తీసేయండి, ఖచ్చితమైన చోటు మాత్రం అనుమతిచ్చిన వాళ్ళకు పంపండి.